ప్రాంతీయ విశ్వవిద్యాలయం - కళింగాంధ్ర తీరం: వాల్తేరు నుండి ఎచ్చెర్ల వరకు ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

విశ్వవిద్యాలయ చరిత్రను రచించేవారు సాధారణంగా దాని ముఖ్యపట్టణంలో నిలిచి రచిస్తారు. శాసనం ఏ సంవత్సరంలో ఆమోదం పొందినది, ఉపాధ్యక్షులు ఎవరెవరు, భవనాలు ఎప్పుడు లేచినవి, శాఖలు ఎన్ని ఏర్పడినవి అనే విషయాలు అందులో ప్రధానమవుతాయి. ఇవి తెలియవలసినవే. కాని ప్రాంతీయ విశ్వవిద్యాలయం అనే పేరులోని 'ప్రాంతీయ' అనే విశేషణం సార్థకమైనదా కాదా అని నిర్ణయించుటకు ముఖ్యపట్టణం తగిన స్థానం కాదు. పరిధి అంచున నిలిచి చూచినప్పుడే ఆ విశేషణానికి గల అర్థబలం తేటపడుతుంది.

అట్టి అంచులలో భావనపాడు ఒకటి. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలికి తూర్పున, సంతబొమ్మాళి మండలంలో ఉన్న ఈ తీరగ్రామానికి ఒకవైపు బంగాళాఖాతం, సమీపంలో నౌపడ ఉప్పుమళ్లు, ఉత్తరాన పలాస మీదుగా ఇచ్ఛాపురం వరకు ఉద్దానపు కొబ్బరి, జీడి, పనస తోటలు ఉన్నవి. గడచిన నూటయాభై సంవత్సరాలలో ఈ తీరానికి మూడు విశ్వవిద్యాలయాలు వరుసగా అధికార పీఠాలయినవి. మొదటిది సుమారు ఆరువందల మైళ్ల దూరాన గల మద్రాసు. రెండవది సుమారు నూరు మైళ్ల దూరాన గల వాల్తేరు. మూడవది సొంత జిల్లాలోనే ఉన్న ఎచ్చెర్ల. పట్టం ఇచ్చే చోటు క్రమంగా దగ్గరయినది. అయితే ఈ ప్రాంతాన్ని గురించిన జ్ఞానం కూడా అంతే క్రమంగా విశ్వవిద్యాలయంలో చేరినదా? ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రాచ్యకళాశాలల అధ్యాపకులకు ఈ ప్రశ్నతో నేరుగా సంబంధం ఉన్నదని వ్యాసాంతంలో నిరూపించడానికి ప్రయత్నిస్తాను.

పరిషత్తు - విద్యాలయం: శబ్దార్థ విచారం

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తెలుగులో 'ఆంధ్ర విశ్వకళాపరిషత్తు' అనే పేరు వ్యవహారంలో నిలిచినది. 'విద్యాలయం' అనగా విద్యకు ఆలయం, అనగా నెలవు. అక్కడకు విద్యార్థి వెళ్లవలెను. 'పరిషత్తు' అనగా చుట్టును కూర్చుండిన సభ. ధర్మశాస్త్ర గ్రంథాలలో పరిషత్తు సందేహాన్ని నిర్ణయించే విద్వత్సమూహం. ఒక ప్రశ్న బయట నుండి వచ్చినప్పుడు దానిని స్వీకరించి, విచారించి, నిర్ణయం చెప్పుట దాని పని. ఆలయానికి గోడలు ముఖ్యం, పరిషత్తుకు వచ్చిన ప్రశ్న ముఖ్యం.

ఈ భేదం కేవలం వ్యుత్పత్తి వినోదం కాదు. ప్రాంతీయ విశ్వవిద్యాలయం ఆచరణలో రెండు విధాలుగా పనిచేయగలదు. అన్యత్ర రూపొందిన పాఠ్యప్రణాళికను దగ్గరగా తెచ్చి బోధించి, పరీక్షించి, పట్టమిచ్చుట ఒక విధం. తన ప్రాంతపు నేల, నీరు, భాష, వృత్తి, చరిత్ర లేవనెత్తే ప్రశ్నలను శాస్త్రీయంగా విచారించి, ఆ ఫలితాన్ని ప్రాంతానికి, ప్రపంచానికి అందించుట రెండవ విధం. మొదటి పని విద్యాలయానిది. రెండవది పరిషత్తుది. ఈ రెండు ధర్మాలలో ఏది ఎంత నెరవేరినదో చూడడమే ప్రాంతీయ విశ్వవిద్యాలయానికి సరియైన పరీక్ష.

మద్రాసు కాలం: విశ్వవిద్యాలయం లేని పాండిత్యం

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం స్థాపితమైన నాటికి శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట ప్రాంతాలు మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లాలో భాగాలు. ఈ ప్రాంతంలో ఉన్నతవిద్యకు రెండు సంస్థానాలు ఊతమిచ్చినవి. విజయనగరంలో మహారాజావారి సంస్కృత కళాశాల, ఆంగ్ల కళాశాల ఉండెను. పర్లాకిమిడిలో రాజావారి పాఠశాల క్రమంగా కళాశాల స్థాయికి పెరిగినది. నౌపడ నుండి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలుమార్గం ఏర్పడుటతో ఉప్పు పండే ఈ తీరానికి ఆ విద్యాకేంద్రంతో సంబంధం సులభమైనది. అయినను ప్రశ్నపత్రం మద్రాసులోనే తయారయ్యేది, ఫలితం మద్రాసులోనే నిర్ణయమయ్యేది.

ఈ స్థితిలో కూడా ఇక్కడ ఒక మహత్తరమైన విద్యాకృషి జరిగినది. గిడుగు వేంకట రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరి 1911 వరకు అక్కడే బోధించారు. కొండలలో నివసించే సవరల భాషను స్వయంగా నేర్చుకొని, దానికి వాచకాలు రచించి, సవర బాలురకు వారి భాషలోనే చదువు చెప్పించారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో, సవర-ఆంగ్ల నిఘంటువు 1938లో వెలువడినవి. ద్రావిడ భాషల నడుమ నిలిచిన ముండా కుటుంబపు భాష ఒకటి ఆ విధంగా శాస్త్రలోకానికి పరిచయమైనది.

ఆయన కృషి భాషతో ఆగలేదు. తూర్పు గాంగరాజైన వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాలను ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటిలో పరిష్కరించి ప్రకటించారు. శాలిహుండం కొండమీది బౌద్ధావశేషాలను 1919లో గుర్తించారు. వ్యావహారిక భాషోద్యమాన్ని నడిపినవారు కూడా ఆయనే. భాష, శాసనం, పురాతత్త్వం, బోధనపద్ధతి అనే నాలుగు శాఖలలో, నేడు నాలుగు విశ్వవిద్యాలయ విభాగాలు చేయవలసిన పనిని ఒక ఉపాధ్యాయుడు నిర్వహించారు. ఆయనకు ఆచార్యపీఠం లేదు. పరిశోధన వేతనం లేదు. ఆయన వస్తువంతయు కాలినడకన చేరగల దూరంలో, ఈ కళింగాంధ్ర భూమిలోనే లభించినది.

దీనినుండి ఒక ముఖ్యమైన అంశం తేలుతున్నది. ప్రాంతాన్ని గురించిన పాండిత్యం ప్రాంతీయ విశ్వవిద్యాలయం కంటె పూర్వమే ఇక్కడ పుట్టినది. విశ్వవిద్యాలయం సృష్టించవలసినది ఆ పాండిత్యాన్ని కాదు, దానికి కొనసాగింపును. వ్యక్తి కృషి వ్యక్తితో ముగియకుండ, శిష్యపరంపరగా, గ్రంథాలయంగా, విభాగంగా నిలిపే శక్తి సంస్థకు మాత్రమే ఉన్నది.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆవిర్భావం

1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగిన తరువాత, తెలుగు జిల్లాలకు ప్రత్యేక విశ్వవిద్యాలయం కావలెననే కోరిక బలపడినది. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడినది. 1918లో హైదరాబాదున ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపితమైనది. దేశభాషలో శాస్త్రబోధ అసాధ్యమన్న వాదానికి ఉస్మానియా ఒక ప్రత్యక్షమైన సమాధానం. ఆనాటి ఆంధ్రుల కోరికలో రెండు అంశాలు కలిసి ఉండెను. ఒకటి తెలుగు ప్రాంతానికి సమీపంలో ఉన్నతవిద్య. రెండవది తెలుగు భాషకు ఉన్నతవిద్యలో స్థానం.

మద్రాసు ప్రభుత్వంలో విద్యామంత్రిగా ఉండిన ఏ.పి. పాత్రోగారి కాలంలో విశ్వవిద్యాలయ శాసనం రూపొందినది. ఆయన గంజాం జిల్లాలోని బరంపురం వాస్తవ్యులన్నది ఈ సందర్భంలో గమనించదగిన విషయం. 1926 ఏప్రిల్ 26న విశ్వవిద్యాలయం బెజవాడ కేంద్రంగా ప్రారంభమైనది. కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రథమ ఉపాధ్యక్షులు. కేంద్రస్థానం ఎక్కడ ఉండవలెనన్న వివాదం పలు సంవత్సరాలు నడిచిన మీదట 1930లో అది వాల్తేరుకు చేరినది. ఈ నిర్ణయం ఉత్తరాంధ్రకు గొప్ప మేలు చేసినది. అదే సమయంలో దత్తమండలాల కళాశాలలు తిరిగి మద్రాసు పరిధిలోకి వెళ్లినవి. ఒక ప్రాంతానికి దగ్గరయిన కేంద్రం మరొక ప్రాంతానికి దూరమగుట సహజం. ప్రాంతీయత అనేది పటం మీద గీత కాదనియు, దూరాన్ని అనుభవించేవారి దృష్టి నుండి కొలవవలసినదనియు ఆనాడే స్పష్టమైనది.

1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఉపాధ్యక్షులై 1936 వరకు ఆ పదవిలో ఉన్నారు. ఆ కాలంలోనే బోధనశాఖలు స్థిరపడినవి. తెలుగు శాఖకు పింగళి లక్ష్మీకాంతంగారు ఆచార్యులైనారు. జయపురాధీశులైన విక్రమదేవ వర్మగారు ఏటేట లక్షరూపాయల దానం ప్రకటించి విజ్ఞానశాస్త్ర కళాశాలకు ఆధారమైనారు. తరువాత రామలింగారెడ్డిగారు మరల 1936 నుండి 1949 వరకు ఉపాధ్యక్షులుగా ఉన్నారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణంపై జపాను బాంబులు పడిన తరువాత విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకు తరలవలసి వచ్చినది. యుద్ధానంతరం వాల్తేరుకు తిరిగి చేరినది.

1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గిడుగు రామమూర్తిగారిని 'కళాప్రపూర్ణ' బిరుదంతో గౌరవించినది. పరిషత్తు తన పరిధికి వెలుపల జరిగిన పాండిత్యాన్ని గుర్తించిన ఘట్టమిది. గుర్తింపు గౌరవప్రదమైనదే. కాని గుర్తించుట వేరు, కొనసాగించుట వేరు. ఈ రెండింటి నడుమ గల అంతరమే మన పరిశీలనకు ముఖ్యవస్తువు.

ఎల్లలు మారిన క్రమం

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినది. టెక్కలి, శ్రీకాకుళం, సోంపేట తాలూకాలు మద్రాసు రాష్ట్రంలో మిగిలి విశాఖపట్టణం జిల్లాలో కలిసినవి. ఆ విభజనకు మనస్తాపం చెందిన గిడుగు పర్లాకిమిడిని విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న ఆయన పరమపదించారు. నౌపడ నుండి రైలు ఎక్కి చదువుకొనబోయే విద్యాకేంద్రం ఒక్కనాటిలో పరరాష్ట్రమైనది. 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయం ఏర్పడువరకు దక్షిణ ఒరిస్సా కళాశాలలు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిధిలోనే ఉన్నవి. అనగా రాష్ట్రపు ఎల్ల మారిన తరువాత కూడా ఏడు సంవత్సరాల పాటు విద్యాపరమైన ఎల్ల మారలేదు. తెలుగు, ఒడియా, సవర భాషలు కలిసి వ్యవహరింపబడే ఈ భూభాగానికి ఆ ఏడు సంవత్సరాలు ఒక అరుదైన అవకాశం.

1950 ఆగస్టు 15న శ్రీకాకుళం ప్రత్యేక జిల్లా అయినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిధి క్రమంగా కుదించుకొనిపోయినది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1976లో గుంటూరు వద్ద నాగార్జున విశ్వవిద్యాలయం, 2006లో రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడినవి. ఎచ్చెర్లలో 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రంగా మొదలైన సంస్థ 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయమైనది. తెలుగు దేశమంతటికి ఒక విశ్వవిద్యాలయం అన్న 1926 నాటి భావన, ఎనుబది సంవత్సరాలలో జిల్లాకొక విశ్వవిద్యాలయం అన్న స్థితికి మారినది.

ఈ మార్పులో లాభం స్పష్టం. ఉద్దానపు రైతు కుమార్తె, భావనపాడు మత్స్యకారుని కుమారుడు స్నాతకోత్తర విద్యకు విశాఖపట్టణంలో గది అద్దెకు తీసుకొనవలసిన అవసరం తగ్గినది. స్త్రీవిద్యకు సామీప్యం ఎంత మేలు చేస్తుందో అధ్యాపకులందరికి అనుభవమే. ఈ మేలును చిన్నచూపు చూడరాదు. కాని పరిధి చిన్నదగుట వలన ఒక ప్రమాదం కూడ ఉన్నది. ఆచార్యుల సంఖ్య, గ్రంథాలయం, నిధులు చిన్నవైనప్పుడు సంస్థ కేవలం పరీక్షలు నిర్వహించే కార్యాలయంగా మారే అవకాశం పెరుగుతుంది. చిన్న విశ్వవిద్యాలయానికి పెద్ద విశ్వవిద్యాలయపు అనుకరణ రక్షణ కాదు. మరెవ్వరికి లేని వస్తువు తన చేతిలో ఉన్నదన్న ఎరుకయే దానికి రక్షణ.

ప్రాంతం పరిశోధన వస్తువైన సందర్భాలు

వాల్తేరులో ఈ ఎరుక కొన్ని సందర్భాలలో ఉత్తమ ఫలితాలనిచ్చినది. చిలుకూరి నారాయణరావుగారి 'ఆంధ్ర భాషా చరిత్రము'ను 1937లో విశ్వకళాపరిషత్తు ప్రచురించినది. గంటి జోగిసోమయాజిగారి 'ఆంధ్ర భాషా వికాసము' కూడ ఆ విద్యావాతావరణంలోనే రూపొందినది. వాల్తేరులో చదివి బోధించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశ నిర్మాణానికి పూనుకొన్నారు. దాని మొదటి సంపుటం, వ్యవసాయ పదాలకు సంబంధించినది, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురణగా వెలువడినది. రైతుల నోట విని సేకరించిన పదాల ఆధారంగా తెలుగును నాలుగు మండలాలుగా విభజించి, విశాఖపట్టణం, శ్రీకాకుళం జిల్లాలను పూర్వమండలంగా ఆయన నిరూపించారు. అంతవరకు ఎగతాళికి గురియైన యాస, శాస్త్రీయమైన మాండలికంగా నిలిచినది. ఒక విశ్వవిద్యాలయ విద్వాంసుడు పొలంగట్టున నిలిచి పదం అడుగుట వలన కలిగిన ఫలమిది.

విజ్ఞానశాస్త్రంలో దీనికి సమానమైన ఉదాహరణ సముద్రశాస్త్రం. 1950 దశకంలో అమెరికా నుండి అతిథి ఆచార్యులుగా వచ్చిన లాఫాండ్ గారితో కలిసి వాల్తేరు అధ్యాపకులు, విద్యార్థులు నౌకాదళ నౌకల సహాయంతో బంగాళాఖాతాన్ని పరిశోధించారు. ఈ తీరానికి ఎదుట సముద్రగర్భంలో ఉన్న లోయలను గుర్తించి, ఒకదానికి ఆంధ్ర పేరును, మరొకదానికి భూగర్భశాస్త్రాచార్యులైన మహాదేవన్ గారి పేరును పెట్టారు. తన వాకిట ఉన్న సముద్రాన్ని పరిశోధించుట వలన ఒక ప్రాంతీయ విశ్వవిద్యాలయానికి అంతర్జాతీయ శాస్త్రలోకంలో స్థానం లభించినది. ప్రాంతీయత సంకుచితత్వం కాదనుటకు ఇంతకంటె నిదర్శనం అవసరం లేదు.

అయితే ఈ రెండు ధారలు కలియవలసిన చోటు ఒకటి ఉన్నది. అది మత్స్యకారుని నావ. సముద్రశాస్త్రవేత్త నీటి ఉష్ణోగ్రతను, లవణాంశాన్ని, ప్రవాహాన్ని కొలుస్తాడు. మత్స్యకారుడు అదే నీటిని రంగును బట్టి, గాలిని బట్టి, నక్షత్రాన్ని బట్టి పోల్చుకొని పేరు పెడతాడు. తెప్ప, నావ, తెరచాప, తెడ్డు, వల, గాలం మొదలైన పనిముట్ల పేర్లు నిఘంటువులలో దొరుకుతాయి. వలలలోని భేదాలు, గాలులలోని భేదాలు, ఋతువును బట్టి తీరానికి చేరే చేపల భేదాలు మాత్రం వృత్తి చేసేవారి నోట ఉన్నవి. భాషాశాస్త్రం, సముద్రశాస్త్రం కలిసి పనిచేయుటకు ఇటువంటి వస్తువు మరొకటి ఉండదు.

నేటి భావనపాడు: త్వరపడవలసిన కారణాలు

ఈ విచారం తీరికగా చేయదగినది కాదనుటకు మూడు కారణాలు ఉన్నవి.

మొదటిది నేలలో వచ్చుచున్న మార్పు. భావనపాడు ఓడరేవుగా మొదట ఆలోచించి, తరువాత మూలపేట ఓడరేవు అని పేరు మార్చిన నిర్మాణానికి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగినది. మూలపేట, విష్ణుచక్రం గ్రామాలవారికి నౌపడ వద్ద పునరావాసం నిర్దేశింపబడినది. ఓడరేవు వలన కలిగే లాభనష్టాలను నిర్ణయించుట ఈ వ్యాసానికి విషయం కాదు. కాని ఒక గ్రామం చోటు మారినప్పుడు దానితో కూడ గ్రామదేవత జాతర, దిబ్బల పేర్లు, చెరువుల పేర్లు, చేపలరేవుల పేర్లు, వృత్తిపదాలు చెదరిపోతాయి. స్థలనామాలను గ్రామంలో ఉన్నవారి సహాయంతో సేకరించవచ్చును. గ్రామమే లేనప్పుడు సేకరించుట దుస్సాధ్యం.

రెండవది దేహానికి సంబంధించినది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాలలో మూత్రపిండవ్యాధి విస్తృతంగా కానవస్తున్నది. రెండు వేలకు పైగా పెద్దలను పరీక్షించి 2019లో ప్రకటించిన ఒక అధ్యయనం ఇక్కడ సుమారు 18 శాతం మందిలో దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధిని గుర్తించినది. వారిలో అధికభాగానికి మధుమేహం, అధిక రక్తపోటు వంటి తెలిసిన కారణాలు లేవు. మూలకారణం ఇంకను నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధనకేంద్రం ప్రారంభమైనవి. వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే పథకం కూడ చేపట్టబడినది. చికిత్స వైద్యుల పని. కాని ఇక్కడి నీటిని, నేలను, పనిచేసే ఎండను, ఆహారపుటలవాట్లను, తరతరాల కుటుంబ వృత్తాంతాలను సంవత్సరాల తరబడి ఒకే చోట నమోదు చేయుట ప్రాంతీయ విశ్వవిద్యాలయం చేయవలసిన పని. బయటినుండి వచ్చే పరిశోధకబృందం నమూనాలు తీసుకొని వెళుతుంది. ఇక్కడ ఉండిపోయేది ఈ జిల్లా సంస్థ ఒక్కటే. పరిశోధన ఫలితం రోగి చదువుకొనగల తెలుగులో చెప్పుట కూడ దాని ధర్మమే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటి కొబ్బరి, జీడితోటలను నేలమట్టం చేసినది. కొబ్బరిచెట్టు తిరిగి కాపుకు రావడానికి ఏండ్లు పట్టును. తోట పడిపోయిన తరువాత కుటుంబాలు ఎక్కడికి వలసపోయినవి, ఏ వృత్తిలోకి మారినవి, వారి పిల్లల చదువు ఏమైనది అనే ప్రశ్నలు కూడ ఈ విధంగా దీర్ఘకాలం దగ్గర ఉండి గమనించవలసినవే.

మూడవది భాషకు సంబంధించినది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడిన తరువాత డిగ్రీస్థాయిలో తెలుగు మాధ్యమానికి పాఠ్యగ్రంథాలు సిద్ధమైనవి. పల్లెల నుండి వచ్చిన ఎందరో విద్యార్థులు వాటితో పట్టభద్రులైనారు. 2021-22 విద్యాసంవత్సరం నుండి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలలో ఆంగ్ల మాధ్యమమే ఉండవలెనని ప్రభుత్వం నిర్ణయించినది. ఉద్యోగావకాశాల దృష్టితో తీసుకొన్న నిర్ణయమని దానిని సమర్థించేవారు అంటారు. ఆ వాదంలో కొంత బలం లేకపోలేదు. తల్లిదండ్రులు కూడ అదే కోరుతున్నారు. కాని 1926 నాటి కోరికలోని రెండు అంశాలలో ఒకటి, అనగా సామీప్యం, సంపూర్ణంగా నెరవేరిన సమయంలోనే రెండవది, అనగా ఉన్నతవిద్యలో తెలుగుకు స్థానం, వెనుకకు పోవుట చరిత్రలోని వైపరీత్యం. విశ్వవిద్యాలయం ఊరికి దగ్గరయినది, ఊరి మాటకు దూరమైనది.

ప్రాచ్యకళాశాలల పాత్ర

ఈ సందర్భంలో సంస్కృతాంధ్ర కళాశాలల అధ్యాపకులమైన మనకు గల బాధ్యత ఏమి? మద్రాసు విశ్వవిద్యాలయపు విద్వాన్ పట్టం, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఇచ్చిన భాషాప్రవీణ, ఉభయభాషాప్రవీణ పట్టాలు ఒకప్పుడు తెలుగు దేశంలోని ఉన్నత పాఠశాలలన్నిటికి పండితులను అందించినవి. విశ్వవిద్యాలయం వెళ్లలేని గ్రామానికి ఆ పండితుడు వెళ్లినాడు. ఈ వ్యవస్థకు ఆదరణ తగ్గినదని మనం తరచుగా చింతిస్తాము. చింత న్యాయమైనదే. కాని ఆదరణ కోరుటకు ముందు, మనవద్ద తప్ప అన్యత్ర దొరకని నైపుణ్యం ఏదో చూపవలసి ఉన్నది. అది మూడు రంగాలలో చూపవచ్చునని భావిస్తున్నాను.

1. శాసనపఠనం. శ్రీముఖలింగం, అనగా తూర్పు గాంగుల కళింగనగరం, మధుకేశ్వరాలయ శాసనాలతో నిండి ఉన్నది. ఆ శాసనాలలో సంస్కృతం, తెలుగు రెండును ఉన్నవి. రెండు భాషలను వ్యాకరణయుక్తంగా చదువగల శిక్షణ ఉభయభాషాప్రవీణునికే ఉన్నది. లిపిశాస్త్రాన్ని ఒక సంవత్సరం పాఠ్యాంశంగా చేర్చినట్లయితే, ఎచ్చెర్ల విశ్వవిద్యాలయపు చరిత్ర విభాగానికి మన విద్యార్థులు సహాధ్యాయులు కాగలరు.

2. వృత్తిపద సేకరణ. వ్యవసాయపదాలకు 1962లో చూపిన మార్గం ఉన్నది. చేపలవేట, ఉప్పుమళ్లు, జీడిపప్పు పరిశ్రమ, కొబ్బరిపీచు పని అనే నాలుగు వృత్తులు భావనపాడు నుండి పలాస వరకు గల ముప్పది మైళ్లలోపే లభిస్తాయి. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క సెలవుకాలంలో నూరేసి పదాలు, పలికిన వ్యక్తి వయస్సు, ఊరు, వాడిన సందర్భంతో సహా సేకరించిన చాలును. పది సంవత్సరాలలో ఒక కోశం సిద్ధమగును. తప్పెటగుళ్లు, తూర్పు భాగవతం, జముకులకథ వంటి కళారూపాల పాఠాలను కూడ ఈ పద్ధతిలోనే లిఖించవచ్చును.

3. పరిభాష. మూత్రపిండవ్యాధిని గురించి రోగికి చెప్పవలసిన మాట సంస్కృత సమాసంగా ఉన్నను అర్థం కాదు, ఆంగ్లపదంగా ఉన్నను అర్థం కాదు. ఏ పదాన్ని ఊరిలో ఇప్పటికే వాడుతున్నారో విని, దానిని శాస్త్రార్థంలో స్థిరపరచవలెను. పదనిర్మాణం తెలిసిన పండితుడు, రోగం తెలిసిన వైద్యుడు, వాడుక తెలిసిన గ్రామస్థుడు కలిసి కూర్చొనవలసిన పని ఇది. పరిషత్తు అన్న మాటకు ఇదియే అసలైన అర్థం.

వ్యక్తి, సంస్థ

ఈ జిల్లాలో గిడుగు తరువాత మరొక ఉపాధ్యాయుడు సంస్థ చేయదగిన పనిని వ్యక్తిగా చేసి చూపారు. కథారచయిత కాళీపట్నం రామారావుగారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయాన్ని ప్రారంభించారు. తెలుగు కథలన్నిటిని ఒక్కచోట చేర్చవలెనన్న సంకల్పంతో, మిత్రుల సహాయంతో ఆయన నిర్మించిన ఆ గ్రంథాలయం నేడు కథాసాహిత్య పరిశోధకులందరికి శరణ్యం. 2021 జూన్ 4న ఆయన మరణించారు. కథానిలయం నిలిచి ఉన్నది. దానిని నిలిపినది ఆయన ఏర్పరచిన సామూహిక వ్యవస్థ.

ఈ ఉదాహరణ మనకు గర్వకారణం. ఆలోచన పుట్టించేది కూడ. పర్లాకిమిడి ఉపాధ్యాయుడు సవర భాషకు వ్యాకరణం రచించెను. విశ్రాంత ఉపాధ్యాయుడు కథలకు నిలయం కట్టెను. రెండు సందర్భాలలోను విశ్వవిద్యాలయం వెలుపల నుండియే కార్యం మొదలైనది. ఇటువంటి మూడవ వ్యక్తి పుట్టువరకు వేచియుండుట విధానం కాదు. సవరభాషకు ఒక శాశ్వత అధ్యయనపీఠం, వృత్తిపదాలకు ఒక భాండాగారం, ఉద్దానపు నీటికి ఒక దీర్ఘకాలిక నమోదుపుస్తకం అనే మూడింటిని సంస్థగా నిర్వహించగలిగిననాడు ఎచ్చెర్లలోని విశ్వవిద్యాలయం ప్రాంతీయమన్న విశేషణానికి అర్హమగును. అప్పుడు దాని చిన్న పరిధి లోపం కాదు, బలం.

ఉపసంహారం

ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు 2026 ఏప్రిల్ 26తో నూరు సంవత్సరాలు. మద్రాసు నుండి వాల్తేరుకు, వాల్తేరు నుండి ఎచ్చెర్లకు విద్యాకేంద్రం జరిగివచ్చిన చరిత్ర ఒక విధంగా ప్రజల విజయం. భావనపాడు బాలుడు పట్టం కోసం ఆరువందల మైళ్లు పోనక్కరలేదు. ఇది సాధించుటకు మూడు తరాలు శ్రమించినవి.

మిగిలిన దూరం మైళ్లలో కొలవదగినది కాదు. ఆ బాలుని తండ్రికి తెలిసిన సముద్రం, అతని తల్లి పలికే భాష, అతని ఊరి శాసనం, అతని ఇంటి రోగం అతని పాఠ్యపుస్తకంలోకి రావలసి ఉన్నది. ఆ దూరాన్ని తగ్గించుటకు కొత్త శాసనం అవసరం లేదు, కొత్త భవనం అవసరం లేదు. సెలవులలో పల్లెకు పోయి, అడిగి, విని, వ్రాసికొని, చర్చించి ప్రకటించే అధ్యాపకులు కావలెను. అట్టివారు మన కళాశాలలలో ఉన్నారు. వారు సేకరించినది చెదరిపోకుండ స్వీకరించి నిలుపుట విశ్వవిద్యాలయం వంతు.